నూట మూడు లీటర్లు

మా బావ పరీక్ష తప్పిన రోజు నాకు కోపం రాలేదు, జాలేసింది. కోపం మర్నాడు పొద్దున్న వచ్చింది, ఇడ్లీ తింటూ ఆయన ఒక ప్రశ్న గురించి చెప్పినప్పుడు. ఆ కోపం ఇంకా ఉంది. తగ్గించుకోమని మా అమ్మ చెబుతూనే ఉంటుంది. నాకు తగ్గించుకోవాలని లేదు.

బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కావడంతో పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. మా ఇద్దరివీ పద్మనాభం దగ్గర వరి పండించుకునే ఇళ్లు. ఇప్పుడు గోపాలపట్నంలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాం. ఆయన గాజువాక వైపు ఫ్యాక్టరీలకి మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీలో రిగ్గరు. క్రేను ఎత్తబోయే బరువుకి గొలుసులూ వైరు తాళ్లూ కట్టి, చెయ్యి ఊపి పైకి లేపించే పని. తొమ్మిదేళ్లుగా అదే. నేను మధురవాడలో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు తయారుచేస్తాను. పొద్దున్నే ఆయన బస్సు అటు, నా బస్సు ఇటు.

ఆ కాంట్రాక్టు కంపెనీవాళ్లు కిందటేడు ఒక కొత్త సంగతి చెప్పారు. గ్యాస్ సేఫ్టీ మీద ఆన్‌లైన్ పరీక్ష పెడతారట. పాసైనవాళ్లని సూపర్‌వైజర్లుగా తీసుకుంటారట. పాత పనివాళ్లందరూ రాయొచ్చు, డిగ్రీ అక్కర్లేదు. ఐటీఐ మధ్యలో ఆపేసిన మా బావకి అంతకంటే పెద్ద కబురు మరొకటి లేదు. అది విన్న వారానికే ఆ పరీక్ష వెబ్‌సైటు చేసే పని మా ఆఫీసుకి వచ్చింది. నేను మొదటిరోజే మా మేనేజరు దగ్గరికి వెళ్లి, మా ఆయన ఈ పరీక్ష రాస్తున్నారు సార్, ప్రశ్నలు నా కంట పడకుండా చూడండి అని చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. ప్రశ్నలు ఎక్కించే పని వేరేవాళ్లకి ఇచ్చి, పేజీ రూపం మాత్రం నాకు ఒప్పజెప్పాడు. అక్షరాలు ఎంతుండాలి, వరసల మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఫోనులో ఎలా కనిపించాలి, ఇవన్నీ నావి. ఉత్తుత్తి ప్రశ్నలు నాలుగు రాసుకుని వాటితో పని చేశాను.

గ్యాస్ పరీక్ష అంటే పై అంకెలు, కింది అంకెలు తప్పవు. పది మీద మూడు వేస్తే వెయ్యి. కార్బన్ డయాక్సైడుకి కింద రెండు. వెబ్ పేజీలో అంకెని పైకెత్తడానికి ఒక గుర్తు, కిందికి దించడానికి ఒక గుర్తు ఉంటాయి. ఆ గుర్తు పెడితే బ్రౌజరే అంకెని చిన్నది చేసి జరుపుతుంది. కాకపోతే జరిపేటప్పుడు ఆ వరసని మొత్తం కాస్త తోసేస్తుంది. ఇంగ్లీషులో అది అంతగా కనబడదు. తెలుగులో బాగా కనబడుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, అసలే వరస నిండుగా ఉంటుంది. దాని మీద ఒక చిన్న మూడు ఎక్కిందంటే ఆ వరసకీ పై వరసకీ మధ్య ఖాళీ పెరిగిపోతుంది. పేరా అంతా ఎగుడుదిగుడుగా ఉంటుంది.

దీనికి మందు ఉంది. ఆ చిన్న అంకెకి వరస ఎత్తు సున్నా అని స్టైలు ఫైల్లో చెబితే అది వరసని తోయదు. తర్వాత దాన్ని ఎంత పైకి ఎత్తాలో, ఎంత చిన్నది చెయ్యాలో మన ఫాంటుని బట్టి మనమే చెప్పుకోవాలి. రాసేది నాలుగు వరసలే. కానీ తెలుగు ఫాంటుతో, రెండు మూడు రకాల ఫోన్లలో సరిచూసుకోవాలంటే ఒక పూట కావాలి.

ఆ పూట నాకు దొరకలేదు. కంపెనీవాళ్లకి చూపించే రోజున మధ్యాహ్నం పన్నెండింటికి మేనేజరు నా వెనకాల నిలబడి తెర చూశాడు. ఈ లైన్లు డాన్స్ చేస్తున్నాయేంటి అన్నాడు. నేను కారణం చెప్పి, సాయంత్రం దాకా టైమిస్తే సరిచేస్తానన్నాను. మూడింటికే డెమో ఉందనీ, ఆ పైకీ కిందకీ పోయే అంకెల్ని ప్రస్తుతానికి మామూలుగా చేసెయ్యమనీ, రేపు తీరిగ్గా చూసుకోవచ్చనీ అన్నాడు.

చేసేశాను. అదీ నేను ముందు చెప్పుకోవాల్సింది. నా చేత్తోనే చేశాను. పై అంకెలూ కింది అంకెలూ మిగతా అక్షరాలంతే ఉండాలి, అదే గీత మీద ఉండాలి అని ఒక్క వరస రాసి సేవ్ నొక్కాను. నా తెర మీద 10³ కాస్తా 103 అయింది. వరసలన్నీ గీత గీసినట్టు సమంగా వచ్చాయి. మేనేజరు నా కుర్చీ మీద తట్టి వెళ్లాడు.

మర్నాడు నేను ఆ నాలుగు వరసలూ రాశాను. మూడు ఫోన్లలో చూశాను. చిన్న అంకె ఎక్కడుండాలో అక్కడ కుదురుగా కూర్చుంది, వరస కదల్లేదు. పెట్టెయ్యమంటారా అని అడిగితే మేనేజరు వద్దన్నాడు. నిన్న వాళ్లు చూసి బాగుందన్నారట. "అప్రూవ్ అయినదాన్ని ముట్టుకోకు. మళ్లీ వాళ్లతో సంతకాలూ అదీ, నావల్ల కాదు" అన్నాడు. అంకెలు తప్పుగా చదువుతారు సార్ అన్నాను. చదువుకునేవాళ్లకి అర్థమవుతుందిలే అన్నాడు. ఒక మెయిలు రాశాను. జవాబు రాలేదు. రెండోది రాయలేదు.

ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భర్త రాసే పరీక్ష కాబట్టి అతిగా కలగజేసుకుంటోందని అనుకుంటారేమోనని ఒక భయం. ఇంకో కారణం అంతకంటే సిగ్గుచేటు. అప్పటికి నా బల్ల మీద ఇంకో పని వచ్చిపడింది.

మా ఆఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయన ఒకరుండేవారు. అందరం చాచా అనేవాళ్లం. వన్ టౌన్ మనిషి. పదిహేనేళ్ల వయసు నుంచీ అక్కడ ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చారు, తర్వాత అదే ప్రెస్సులో ఆఫ్‌సెట్ వచ్చాక ప్రూఫులు దిద్దారు. ప్రెస్సు మూతపడ్డాక మా దగ్గరికి వచ్చారు. తెర మీద చదవలేరు, కళ్లు లాగుతాయంటారు. అందుకని ఆయనకి పేజీలన్నీ ప్రింటు తీసి ఇచ్చేవాళ్లు. ఎర్ర పెన్సిలుతో దిద్దేవారు. ఆయన తెలుగు మా అందరికంటే బావుంటుంది. మేం రాసిన మెయిళ్లు చూసి బాధపడేవారు.

ఆ పరీక్ష ప్రశ్నలు ఒక గదిలో తలుపు వేసుకుని ఆయనే చదివారు. ఒకరోజు భోజనాల దగ్గర నా ఎదురుగా వచ్చి కూర్చుని, ప్రశ్నలు నీకు చెప్పకూడదు, చెప్పను, కానీ ఒక్క మాట అన్నారు. "పైనుండాల్సిన అంకెలు కిందికి దిగిపోయాయి బేటీ. కాగితం నిండా ఎర్ర సున్నాలు చుట్టాను. మేనేజరుగారికిస్తే, ప్రింటులో అలా వస్తుంది, తెర మీద బానే ఉంటుందన్నారు. నిజమేనా?"

నిజం కాదని చెప్పాను. నా దగ్గర సరిచేసిన ఫైలు ఉందనీ పెట్టనివ్వడం లేదనీ చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే పాత ప్రెస్సు సంగతి ఎత్తారు. ప్రెస్సులో చిన్న అంకెలకి వేరే అర ఉండేదట. గోరంతుండే ఆ సీసం అంకెలు చేతికి దొరికేవి కావట, చిమటాతో, అదే, చిన్న పట్టకారుతో తీసి పెట్టేవారట. కెమిస్ట్రీ పేపరు కంపోజు చేస్తే ఇంటికి వెళ్లాక కూడా వేళ్లు వణికేవని చెప్పారు. అంత కష్టపడి పెట్టిన అంకెని ఎవరూ ఎప్పుడూ కిందికి దించలేదన్నారు. "మళ్లీ చెప్పు బేటీ. నేనూ చెబుతాను" అని లేచారు. ఆయన చెప్పారు. నేను చెప్పలేదు.

ఇంట్లో చూస్తే బావ రోజూ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. గ్యాసుల పేర్లు, వాసనలు, ఏది బరువు, ఏది తేలిక, అవన్నీ ఆయనకి పని దగ్గర తెలిసినవే. భయమల్లా అంకె మీద అంకె అంటే. చిన్నప్పుడు ఆ లెక్కల దగ్గరే బడి మీద విరక్తి పుట్టిందట. నేను పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి చూపించేదాన్ని. పది మీద రెండు వేస్తే వంద, మూడు వేస్తే వెయ్యి, ఆ చిన్న అంకె ఎంతో అన్ని సున్నాలు. ఒకసారి పట్టు దొరికాక ఆయన ఆపలేదు. మా ఇంటి వెనక నీళ్ల కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉంది. టేపు పట్టుకెళ్లి కొలిచాడు. అటు మీటరు, ఇటు మీటరు, లోతు మీటరు. "అయితే దీన్లో వెయ్యి లీటర్లు పడతాయన్నమాట" అని, తొట్టి పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నీళ్లు పట్టడానికొచ్చిన పక్కవాటా ఆవిడకి కూడా చెప్పాడు.

పరీక్ష ఒక ఆదివారం జరిగింది. కంపెనీ ఆఫీసులోనే కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి రాయించారు. సబ్‌మిట్ నొక్కగానే ఫలితం వచ్చేస్తుంది. తప్పాడు. ఇంటికి వచ్చి చొక్కా విప్పకుండానే పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు.

మర్నాడు పొద్దున్న తనే మొదలుపెట్టాడు.

"ఒక క్యూబిక్ మీటరులో ఎన్ని లీటర్లని అడిగేరే. అది నాకొచ్చు కదా. తొట్టి కొలిసేను కదా. వెయ్యి. తీరా కిందన సూత్తే వెయ్యి నేదు."

"మరేం ఉన్నాయి?"

"నూట రెండు, నూట మూడు, నూట ఆరు. ఆఖర్న పైవేవీ కావు అని ఉంది. నాను అదే నొక్కేను. అలాటివి ఏడెనిమిదొచ్చేయి. అన్నిటికీ అదే నొక్కేను. నొక్కుతున్నపుడే అనుకున్నాను, ఇన్నిటికి పైవేవీ కావు ఎందుకవుద్ది, నాకే ఏదో తెలవట్లేదని."

నా చేతిలో చట్నీ గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నాను. ఆయన ఇంకా చెబుతున్నాడు. చదివింది బుర్రకెక్కలేదనీ, ఈ వయసులో ఎక్కదనీ, ఇక ఈ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్యమనీ. ఆఫీసుకి టైమైపోయిందని లేచి వచ్చేశాను. బస్సులో హనుమంతవాక దాటేదాకా ఒకటే ఆలోచన. లెక్క తెలియనివాడు గుడ్డిగా ఏదో ఒకటి నొక్కితే నూట మూడు తగిలి ఉంటుంది, మార్కు వచ్చి ఉంటుంది. ఎక్కడో చూసిన పాత పేపరు గుర్తున్నవాడు నూట మూడంటే ఇదే అయ్యుంటుందిలే అని నొక్కి ఉంటాడు. నిజంగా వెయ్యి అని తెలిసినవాడు, తొట్టి కొలిచి తెలుసుకున్నవాడు, తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి ఓడిపోయాడు. తప్పు సమాధానానికి మార్కు కోత కూడా ఉంది.

ఆఫీసులో చాచా కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు గదిలోకి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే విషయం ఆయనకి తెలిసిందని అర్థమైంది. ఆ కంపెనీ నుంచి నిన్న పరీక్ష అవగానే ఫోను వచ్చిందట. పాత పనివాళ్లు చాలామంది వరసగా తప్పారు, ఏం జరిగిందని అడిగారట. ప్రూఫు దిద్దడంలో పొరపాటు జరిగిందనీ, ఆ మనిషిని తీసేశామనీ తను జవాబిచ్చాడట. అది నాకు చెబుతున్నప్పుడు ఆయన మొహంలో గొప్ప పని చక్కబెట్టిన తృప్తి ఉంది.

నేను గట్టిగా మాట్లాడాను. బయట కూర్చున్నవాళ్లకి వినబడిందని తర్వాత చెప్పారు. చాచా పట్టుకున్న తప్పులే అవి, మీరు వద్దన్న ఫైలు నా దగ్గర అలానే ఉంది, కావాలంటే ఇప్పుడు తెరిచి చూపిస్తాను అన్నాను. ఆయన తలుపు వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు. లేచి తనే వేసుకొచ్చి, చాలా మెల్లిగా చెప్పాడు.

"ఆ లైను రాసింది నువ్వు. రాసిన రోజు, టైము అన్నీ ఉంటాయి, నీ పేరు మీద. పైగా మీ ఆయన పరీక్ష తప్పాడు. ఇప్పుడు నువ్వు ఇదంతా బయటికి తీస్తే ఎవరు ఏమనుకుంటారో ఆలోచించుకో."

ఇంతవరకూ నన్ను ఎవరూ కొట్టలేదు. ఆ మాట విన్నాక కొడితే ఎలా ఉంటుందో తెలిసింది. సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, వన్ టౌన్ బస్సెక్కాను.

చాచా ఇల్లు టోకు దుకాణాల వెనక సందులో ఉంది. ఆటో కూడా దూరనంత సందు. చాచా భార్య చాప వేసి కూర్చోబెట్టి, షర్బత్ ఇచ్చింది. చాచా లుంగీ మీద చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. జరిగినదంతా చెప్పాను. ఆయన ప్రశాంతంగా వింటూంటే నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇంత అన్యాయం జరిగితే ఊరుకుంటారా చాచా అన్నాను.

"నాకు కోపం లేదనుకుంటున్నావా" అన్నారు. "నలభై ఐదేళ్లు బేటీ. నా చేతిలోంచి తప్పు పోయిందని ఒక్కరు అనలేదు. నిన్న ఫోనులో ఒక పిల్ల, ఆఫీసులో ఎవరో నాకు తెలియనే తెలియదు, మీరు రేపటి నుంచి రావద్దు, మిస్టేక్ మీదేనట అంది. నా మనవలు వింటున్నారు."

తర్వాత లేచి లోపలికెళ్లి ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చారు. ప్రశ్నల కాగితాలు ఆయన ఇంటికి తేలేదు, తెచ్చే మనిషి కూడా కాదు. ఈ పుస్తకంలో ప్రశ్నలు లేవు. ఫలానా తేదీ, ఫలానా పేజీ, ఫలానా నెంబరు, "అంకె పైకి వెళ్లాలి." కింద ఇంకోటి, "అంకె కిందికి దిగాలి." అలా రెండు పేజీలు. ఒక్కో పేజీ చివర మేనేజరు పొట్టి సంతకం. ప్రెస్సులో ప్రూఫు దిద్దాక యజమాని సంతకం తీసుకోకుండా మిషను మీదికి పంపేవారు కాదట. ఆ అలవాటుగా చాచా మా ఆఫీసులో కూడా ఈ పుస్తకంలో ప్రతి పేజీ పట్టుకెళ్లి సంతకం పెట్టించుకునేవారు. అందరం నవ్వుకునేవాళ్లం. మేనేజరు ఫోను మాట్లాడుతూ, చదవకుండా, గీకి ఇచ్చేసేవాడు.

ఆ సాయంత్రం బావకి చెప్పాను. ముందు ప్రశ్నల సంగతి చెప్పాను, నువ్వు నొక్కింది సరైనదే, వెయ్యి అక్కడ లేనే లేదు అని. ఆయన మొహం విప్పారింది. అప్పుడు మిగతాది చెప్పాను. ఆ వరస రాసింది నేనేనని.

"నువ్వే రాసేవా?"

అవునన్నాను.

"తప్పని తెలిసీ?"

అవునన్నాను.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "రేత్రంతా నా బుర్ర పాడైపోనాదనుకున్నాను. నీకు తెలుసు" అన్నాడు. నాకు తెలిసింది పొద్దుటే అని చెప్పబోయి మానేశాను. అది జవాబు కాదు. పొద్దున తెలిసి ఆఫీసుకి వెళ్లిపోయిందాన్ని. ఆయన పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి ఒక్కటే అడిగాడు.

"మిగతా ఓళ్లకి కూడా సెప్తావా, నాకొక్కడికేనా? నా పక్కన రాసినోడు ఏడిసేడు."

మర్నాడు నేనూ చాచా గాజువాక వెళ్లాం. చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటు పుస్తకం పాలిథిన్ కవరులో పెట్టుకుని వచ్చారు. ఆ కాంట్రాక్టు కంపెనీలో పరీక్ష చూసుకునేది సేఫ్టీ ఆఫీసరు. యాభై ఏళ్లావిడ, టేబులు మీద హెల్మెట్టు పెట్టుకుని కూర్చుంది. నేను ఏదీ దాచలేదు. నా భర్త రాశాడని, తప్పాడని, ఆ వరస రాసింది నేనేనని, ఎవరు రాయమన్నారో, ఎవరు సరిచెయ్యొద్దన్నారో, అన్నీ చెప్పాను. చాచా పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ తన కంప్యూటర్లో ఒక్కో నెంబరూ తీసి, పుస్తకంతో సరిచూసుకుంది. మధ్యలో ఒకచోట ఆగి, తెర మా వైపు తిప్పింది. గాలిలో విషవాయువు ఎంత దాటితే మనుషుల్ని బయటికి పంపెయ్యాలి అనే ప్రశ్న. పది మీద మైనస్ ఆరు ఉండాల్సిన చోట, పది మైనస్ ఆరు అని ఉంది.

"దీన్ని నిజమని నేర్చుకున్నవాడు లోపలికి దిగితే ఏమవుతుందో తెలుసా మీకు" అంది ఆవిడ. నా వైపే చూస్తూ అంది. నేను తల దించుకోలేదు, అవునండీ అన్నాను. ఆ చూపు నాకు న్యాయంగానే తగిలింది.

ఆవిడ అక్కడినుంచే మా మేనేజరుకి ఫోను చేసి, స్పీకరు పెట్టింది. ప్రూఫ్‌రీడరు పొరపాటు మేడం అన్నాడు మళ్లీ. ఆ ప్రూఫ్‌రీడరు నా ఎదురుగా ఉన్నారు, మీ సంతకాలు కూడా నా ఎదురుగా ఉన్నాయి అంది ఆవిడ. అతను సారీ అంటాడేమోనని చూశాను. టెక్నికల్ టీముతో మాట్లాడి చెబుతాను అన్నాడు. టెక్నికల్ టీము నేను. ఇక్కడే ఉన్నాను.

మూడు వారాలకి మళ్లీ పరీక్ష పెట్టారు. నా నాలుగు వరసల ఫైలు అప్పుడు ఎక్కించారు, పది నిమిషాల్లో. ఎవరి సంతకాలూ అవసరం పడలేదు. బావ పాసయ్యాడు. తొమ్మిదేళ్లలో సంపాదించిన పనితనం, కొత్తగా నేర్చుకున్న లెక్క, రెండూ ఉన్న మనిషి పాసవకుండా ఎలా ఉంటాడు. కానీ ఈ మూడు వారాల్లో మొదటి పరీక్షలో పాసైనవాళ్లని సూపర్‌వైజర్లుగా వేసేశారు. ఒకసారి ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకోవడం కుదరదని పైవాళ్లు అన్నారట. సేఫ్టీ ఆఫీసరు గట్టిగా రాసిందని తెలిసింది. అయినా కుదరలేదు. రెండోసారి పాసైనవాళ్ల పేర్లతో ఇంకో జాబితా వేసి, ఖాళీలు వచ్చినప్పుడు చూస్తామన్నారు. వాళ్ల తప్పేమీ లేని కొందరు పైకెళ్లారు, తమ తప్పేమీ లేని కొందరు కిందుండిపోయారు. బావ ఇప్పటికీ అదే గొలుసు కడుతున్నాడు, చొక్కా జేబులో గ్యాస్ సేఫ్టీ కార్డు పెట్టుకుని.

మా ఆఫీసు చాచాని మళ్లీ రమ్మంది. తప్పు నాది కాదని కాగితం మీద రాసివ్వండి, వస్తాను అన్నారాయన. ఒక్క వాక్యం చాలన్నారు. ఆ ఒక్క వాక్యం రాయడానికి మా ఆఫీసులో ఎవరికీ చెయ్యి రాలేదు. లాయరుని అడగాలన్నారు, తర్వాత అడిగామన్నారు, తర్వాత ఆ మాటే ఎత్తడం మానేశారు. ఆయన రాలేదు. ఇప్పుడు వన్ టౌన్‌లోనే పెళ్లి కార్డులు అచ్చువేసే దుకాణంలో కూర్చుంటున్నారు. అక్కడికి రెండుసార్లు వెళ్లాను. కార్డుల మీద తేదీలు సరిచూసే మనిషి దొరికాడని దుకాణం యజమాని సంబరంగా ఉన్నాడు.

ఏడాది చివర మీటింగులో మా మేనేజరుని స్టేజీ మీదికి పిలిచారు. ఒక క్లిష్టమైన సమస్య వస్తే చురుగ్గా స్పందించి, మూడు వారాల్లో సరిచేసి, క్లయింటుని నిలబెట్టుకున్నందుకట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మైకు తీసుకుని, ఇది టీము విజయం అంటూ నా వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు లేచాను. మైకు లేకుండానే, ఆ సమస్యని తయారుచేసింది మేమిద్దరమేనని, పట్టుకున్నాయన్ని పంపించేశామని, ఆయనకి ఒక వాక్యం బాకీ ఉందని చెప్పాను. తర్వాత మ్యూజిక్ పెట్టారు, భోజనాలకి పిలిచారు. వరసలో నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి నా చెయ్యి నొక్కింది, అంతే. మర్నాటి నుంచి నాకు ఫంక్షన్ హాళ్ల వెబ్‌సైట్లు ఇస్తున్నారు. ఇంకో చోట ఉద్యోగం చూసుకుంటున్నాను.

బావ నాతో మామూలుగానే ఉంటున్నాడు. కాకపోతే నేను ఇంట్లో లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే వెనక నుంచి వచ్చి కాసేపు నిలబడతాడు. "సరిగ్గానే ఉందా?" అని అడుగుతాడు. చూపిస్తాను. పూర్తిగా చూసి వెళతాడు. ఇది ఇదివరకు లేదు. ఆయన్ని తప్పుపట్టను.

ప్రతి నెలా మొదటి వారంలో నేనే ఆ కంపెనీకి ఫోను చేసి రెండో జాబితా సంగతి అడుగుతాను. ఖాళీలు లేవంటారు. కిందటి నెల మాత్రం కొత్తమ్మాయి ఎవరో ఎత్తి, ఏ జాబితా అండీ అని అడిగింది. మొదటినుంచీ అంతా చెప్పాను, పది పైన మూడు వేస్తే ఎంతో, దాన్ని కిందికి దించితే ఎంతో, ఆ తేడాలో ఎంతమంది ఉన్నారో. ఆ అమ్మాయి విని, ఒక్క నిమిషం అని ఫోను పక్కన పెట్టింది. నేను ఇరవై నిమిషాలు పట్టుకునే ఉన్నాను.